పప్పులు, పిండితో బొమ్మలు చేయిస్తే పిల్లల వేళ్లకు పట్టు వస్తుందా?

నాగావళి_అమ్మ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. పెన్సిల్‌ని గుప్పిట్లో పట్టుకుంటాడు. రెండు గీతలు గీసేసరికి చెయ్యి నొప్పి అని వదిలేస్తాడు. చొక్కా గుండీ పెట్టుకోలేడు, టిఫిన్ బాక్సు మూత తీసుకోలేడు. స్కూల్లో మాత్రం రోజూ ఒక పేజీ నింపి పంపమంటారు. సాయంత్రం అయ్యేసరికి వాడికి ఏడుపు, నాకు టెన్షన్.

ఇంట్లో ఉన్న పప్పులు అతికించి బొమ్మలు చేయించు, పిండి ముద్దలతో ఆడించు, వేళ్లు కుదురుతాయని మా తోటికోడలు చెప్పింది. నిజంగా పని చేస్తుందా? చేస్తే ఏ సరుకులు వాడాలి, ఎలా మొదలుపెట్టాలి? ఇంకో సంగతి, మా పాపకి ఏడాదిన్నర. దొరికిందల్లా నోట్లో పెట్టేస్తుంది.

మా అత్తగారు "ఏటమ్మా ఈ గింజలాటలు, గుంటడి చేత అక్షరాలు దిద్దించక" అంటున్నారు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఎలా చెప్పాలో కూడా చెప్పండి.

బొబ్బిలి_అమ్మమ్మ

అమ్మాయ్, మీ అత్తగారికి పిల్లాడు చదువుకోవాలనే కదా ఆరాటం. అందుకే వాడికి ఆవిడనే గురువుని చెయ్యి. పొద్దున్న వాకిట్లో ముగ్గు వేస్తారు కదా, పక్కన పిల్లాడిని కూర్చోబెట్టుకోమను. మగపిల్లాడికి ముగ్గేమిటి అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మీ ఇంట్లోనూ రానివ్వకు.

చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, బొటనవేలితో మెల్లగా రాస్తూ వదలాలి. ముందు చుక్కలు పెట్టించు. చుక్క అంటే చిన్న విషయం అనుకుంటారు గానీ, పిండి వదలడమూ రావాలి, ఆపడమూ రావాలి. పిల్లలకి ఆపడమే కష్టం. అది వచ్చాక పెద్ద తామరరేకు నువ్వు గీసి, లోపల నింపమను. గీత లాగడం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది, తొందరపెట్టకు.

పిండి మరీ మెత్తగా ఉంటే వేళ్లకి అంటుకుపోయి జారదు. మరలో కాస్త బరకగా, సన్నరవ్వకి దగ్గరగా ఆడించుకో. బజార్లో ముగ్గుపిండి అని అమ్మేది రాతి పొడి. అది పెద్దవాళ్లకి సరే. పిల్లల చేతికి బియ్యప్పిండే ఇవ్వు. కంట్లో, ముక్కులో ఆ రాతి దుమ్ము పడకూడదు.

గంటస్తంభం_బాబాయ్ (విజయనగరం)

మా మనవరాలిదీ ఇదే సమస్య. ఈ చర్చ వదలకుండా చదువుతాను. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

ఓటీ_విజయనగరం

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే రాత, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా సాధన చేయిస్తాను. పిల్లలతోనే నా పని. నాగావళి గారూ, మీ ప్రశ్నకి నా సమాధానం: పని చేస్తుంది, అయితే చేసే చెయ్యి బాబుదే అవ్వాలి. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు వయసు సంగతి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలంతా గుప్పిటితోనే పట్టుకుంటారు. రెండు, మూడేళ్లకి వేళ్లన్నీ కిందికి పెట్టి పట్టుకుంటారు. మూడున్నర, నాలుగు ప్రాంతంలో మూడు వేళ్ల పట్టు కనిపిస్తుంది, కానీ అప్పటికీ కదిలేది మణికట్టు, మోచెయ్యి. చెయ్యి నిలకడగా ఉండి వేళ్లు మాత్రమే కదులుతూ రాసే పట్టు సుమారు నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య వస్తుంది. ఒక్కో పిల్లాడిదీ ఒక్కో వేగం.

ఎముకల సంగతి కూడా తెలిస్తే పెద్దవాళ్లకి ఓపిక వస్తుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి, ఎక్స్-రేలో ఒక్కటీ కనపడదు. తర్వాత ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. ఎనిమిదోది కనపడేసరికి పిల్లలకి 9 నుంచి 12 ఏళ్లు వస్తాయి. అలాగని నాలుగేళ్ల పిల్లాడు రాయకూడదని కాదు. వాడి చేత పేజీలకి పేజీలు రాయించే ముందు ఆ చెయ్యి ఇంకా తయారవుతోందని గుర్తుంచుకోవాలి.

బలం భుజం నుంచి మొదలై వేళ్లకి వస్తుంది. అందుకే నేను ముందు కింద కూర్చోబెట్టి కాకుండా గోడ దగ్గర నిలబెట్టి మొదలుపెడతాను. పెరటి గోడ మీద బకెట్ నీళ్లు, పాత పెయింటు బ్రష్ ఇచ్చి బొమ్మలు గీయమనండి. లేదా బీరువా తలుపుకి కాగితం అంటించండి. గోడ మీద గీసేటప్పుడు మణికట్టు తనంతట తానే వెనక్కి వంగుతుంది. రాతకి కావలసిన భంగిమ అదే.

తర్వాత పిండి. నొక్కడం, పాములా పొడుగ్గా దొర్లించడం, మూడు వేళ్లతో చిన్న గోళీలు చేయడం. గోళీ అరచేతుల మధ్య కాకుండా వేలి కొసలతో చేయించండి. జంతికల గొట్టంలో ఆ పిండి పెట్టి తిప్పమనండి లేదా నొక్కమనండి, మీ ఇంట్లో గొట్టం ఎలాంటిదైతే అలా. వచ్చిన పోగులతో సింహానికి జూలు, అమ్మమ్మకి జడ. ఒక చెయ్యి పట్టుకోవాలి, రెండో చెయ్యి పనిచేయాలి. రాసేటప్పుడు కాగితం పట్టుకునే చెయ్యికి కూడా ఇదే శిక్షణ.

ఆ తర్వాతే గింజలు. పెద్ద వాటితో మొదలుపెట్టి చిన్న వాటికి వెళ్లండి. చింతపిక్కలు, తర్వాత బొబ్బర్లు, తర్వాత పెసలు, బాగా కుదిరాక ఆవాలు. ఆవగింజ ఒక్కటి తీసి గమ్ము చుక్క మీద పెట్టడం పెద్దవాళ్లకే కష్టం. ఈ పనిలో నేను ఒక చిట్కా వాడతాను. చిటికెనవేలు, ఉంగరపువేలు ముడిచి వాటి కింద అరచేతిలో చిన్న దూది ఉండ దాచుకోమని, మిగతా మూడు వేళ్లతో గింజలు ఏరమంటాను. దూది పడిపోకుండా చూసుకోవడంతో ఆ రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని, మూడు వేళ్లు విడిగా పనిచేయడం నేర్చుకుంటాయి.

రంగులకి పొడుగు క్రేయాన్ ఇవ్వకండి. విరిగిన ముక్క ఇవ్వండి. చిన్న ముక్కని గుప్పిట్లో పట్టుకోవడం కుదరదు, వేళ్లే వాడాలి.

ఇక మొదట చెప్పిన మాట. మీరు నెమలి గీసి, మీరే గమ్ము రాసి, "ఇక్కడ పెట్టు, అక్కడ కాదు" అంటూ పక్కన నిలబడితే ఫోటోకి నెమలి బాగుంటుంది, పిల్లాడి వేళ్లు మాత్రం ఖాళీగా ఉంటాయి. గమ్ము వాడే రాయాలి. వంకరగా ఉంటే వంకరగానే ఉండనివ్వండి. పది నిమిషాలు చాలు. విసుగు రాకముందే ఆపేయండి, రేపు వాడే అడుగుతాడు.

రాజాం_రైతుబిడ్డ

పెద్దలు చెప్పినవన్నీ చదివాను. నా మనసులో మాట చెబుతాను, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మేము పండించేవాళ్లం. కల్లంలో జారిన గింజ కూడా ఏరుకుని కళ్లకద్దుకునే ఇల్లు మాది. కందిపప్పు కిలో ఎంత ఉందో అందరికీ తెలుసు. పప్పు తీసుకెళ్లి కాగితానికి అంటించి, నాలుగు రోజుల తర్వాత చెత్తలో వేయడం నాకు మింగుడు పడదు. పిల్లలకి మనం నేర్పేది వేళ్ల పట్టు ఒక్కటేనా? తిండి అంటే ఏమిటో కూడా నేర్పాలి కదా.

నాగావళి_అమ్మ

రైతుబిడ్డ అన్నయ్యా, మా అత్తగారు కూడా సరిగ్గా ఇదే అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అంగన్‌వాడీ_టీచర్ (చీపురుపల్లి వైపు)

రైతుబిడ్డ గారితో నేను ఏకీభవిస్తాను. మా సెంటర్‌కి వచ్చే బియ్యం, కందిపప్పు పిల్లల కడుపుకి వచ్చినవి. ప్రతి గ్రాముకీ లెక్క ఉంటుంది. వాటిలో ఒక్క గింజ కూడా బొమ్మలకి వాడను. అయినా మా దగ్గర పిల్లలు రోజూ చేతులతో పని చేస్తూనే ఉంటారు.

పురుగు పట్టిన పెసలు, ముక్కిపోయిన రవ్వ, డబ్బా అడుగున మిగిలిన సేమియా, తినడానికి పనికిరానివి ఏమైనా ఉంటే ఎండబెట్టి పంపమని తల్లులకి చెబుతాను. చింతపండు తీసినప్పుడు పిక్కలు పారేయవద్దంటాను. ఉల్లి తొక్కలు, వెల్లుల్లి పొట్టు, వేరుశెనగ తొక్కలు, మొక్కజొన్న పీచు, కోడిగుడ్డు పెంకులు, వీటికి మించిన బొమ్మల సరుకు లేదు. గుడ్డు పెంకులు మాత్రం ఉడకబెట్టి, ఎండబెట్టి ఇవ్వాలి. పచ్చి పెంకు మీద సూక్ష్మజీవులు ఉంటాయి. ఉల్లి తొక్కని వేళ్లతో చించి, అతికిస్తే చేప పొలుసులు వస్తాయి. చించడం కూడా వేళ్ల పనే.

ఇంకోటి, అతికించకుండా కూడా ఆడించవచ్చు. స్టీలు పళ్లెంలో రవ్వ పల్చగా పరిచి వేలితో బొమ్మ గీయమనండి. పళ్లెం కాస్త కదిపితే మళ్లీ ఖాళీ పలక. అదే రవ్వ డబ్బాలో దాచుకుని నెలల తరబడి వాడతాను. కాగితం మీద వేలితో గీస్తే చేతికి ఏమీ తెలియదు. రవ్వ అయితే కింద గరగరలాడుతుంది, ఆ స్పర్శతో ఆకారం గుర్తుండిపోతుంది.

వంటపని కూడా ఇదే. బఠానీలు వలిపించండి, చిక్కుడుకాయ ఈనెలు తీయించండి, కొత్తిమీర ఆకులు తుంచించండి, చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరించండి. ఏ గింజా వృథా పోదు, పిల్లాడు చేసిన పని సాయంత్రం కూరలో కనిపిస్తుంది.

రాజాం_రైతుబిడ్డ

టీచరమ్మ గారూ, ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. నా తరఫున ఒకటి కలుపుతాను. చెరువు గట్టున బంకమన్ను తెచ్చి, రాళ్లు లేకుండా చూసి, ఒక రాత్రి నానబెట్టి పిసికితే పిండి కన్నా బిగువుగా ఉంటుంది. వినాయక చవితికి మా పిల్లలు అదే మట్టితో విగ్రహం చేస్తారు. ఎద్దులు, బండి, చక్రాలు ఏడాదంతా చేయవచ్చు. ఎండబెట్టి మళ్లీ నీళ్లలో వేస్తే మళ్లీ మట్టి.

ఓటీ_విజయనగరం

చాలా మంచి మాట. మట్టి బిగువుగా ఉంటుంది కాబట్టి వేళ్ల బలానికి పిండి కన్నా మేలు. చేతులు బలహీనంగా ఉన్న పిల్లలకి ముందు మెత్తటి పిండి ఇచ్చి, తర్వాత మట్టికి రావాలి.

పలాస_నాన్న

మా ఊరి నుంచి ఒక హెచ్చరిక. ఇక్కడ జీడిపిక్కలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, చూడటానికి ముద్దుగా ఉంటాయి. తొక్క తీయని జీడిపిక్కని పిల్లల ఆటలకి అస్సలు వాడకండి. ఆ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, బొబ్బలు వస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి నూనె రాసుకుని పని చేసేది అందుకే. పెద్దవాళ్ల చేతులకే అంత జాగ్రత్త కావాలంటే పసిచేతుల సంగతి చెప్పనక్కర్లేదు.

నాది ఒక ప్రశ్న కూడా. మా వాడికి ఐదేళ్లు. బొమ్మలు అంటే ఇష్టం లేదు. కూర్చోబెడితే పారిపోతాడు. వాడికి పనిముట్లు కావాలి, స్క్రూడ్రైవర్ కనిపిస్తే చాలు. అలాంటివాడికి ఏం చేయించాలి?

ఓటీ_విజయనగరం

పలాస నాన్నగారూ, వాడికి వంటింటి పనిముట్లే ఇవ్వండి. చపాతీ పట్టకారుతో దూది ఉండలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, మందు సీసా డ్రాపర్‌తో బీట్‌రూట్ నీళ్లు పీల్చి టిష్యూ కాగితం మీద చుక్కలుగా వదలడం, కవ్వంతో సబ్బు నీళ్లు చిలికి నురగ తేవడం, ఆ నురగని పళ్లెం మీద పరిచి వేలితో బొమ్మ. బట్టల క్లిప్పులు అట్టముక్క చుట్టూ పెట్టమంటే సూర్యుడు అవుతుంది. క్లిప్పు నొక్కడానికి కావలసింది పెన్సిల్ పట్టుకునే వేళ్ల బలమే. వాడికి "బొమ్మ వేద్దాం రా" అనకండి, "ఇది తిప్పి చూడు" అనండి.

జీడిపిక్క సంగతి చెప్పి మంచి పని చేశారు. ఇదే అదనుగా మిగతా జాగ్రత్తలు కూడా రాస్తాను, అందరూ దయచేసి చదవండి.

మూడేళ్ల లోపు పిల్లల దగ్గర ఎండు గింజలు, వేరుశెనగలు, శెనగలు ఉంచకూడదు. శ్వాసనాళంలోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. నాగావళి గారూ, పాప నిద్రపోయినప్పుడే బాబుతో గింజల పని పెట్టుకోండి. చాప మీద, పళ్లెంలో లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ఆ తర్వాత ఊడ్చండి. పాపకి మరమరాలు, ఉడికించి మెదిపిన బఠానీ, మెత్తటి అరటిపండు ముక్కలు ఇచ్చి ఏరుకు తిననివ్వండి, మీరు పక్కనే ఉండాలి. తన వేళ్లకి అదే సాధన.

గింజ ముక్కులో పెట్టుకుంటే పుల్లతో తీయాలని చూడకండి, నీళ్లు పోయకండి. తడి తగిలితే గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

రాజ్మా గింజలు పచ్చివి కొరికితే వాంతులు అవుతాయి, వాటిని పక్కన పెట్టండి. గురివింద గింజలు, ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త, వీటిని ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకే తేవద్దు. ప్రాణం తీసే విషాలు. గురివిందలు ఎర్రగా నల్ల చుక్కతో ఉంటాయి కాబట్టి పల్లెల్లో పిల్లలు ఏరి దాచుకుంటారు. ముందే చెప్పి ఉంచండి.

పచ్చి మైదా, గోధుమపిండి కూడా తినేవి కావు, వాటిలో హానికర బ్యాక్టీరియా ఉండవచ్చు. ఉప్పు కలిపిన ముద్ద ఎక్కువ మింగితే రక్తంలో ఉప్పు పెరిగి ప్రమాదం. కారం, మిరియాలు పిల్లల బొమ్మల దగ్గరికి రాకూడదు. చేతులు కళ్లకి పోతాయి.

గంటస్తంభం_బాబాయ్ (విజయనగరం)

అయితే నోట్లో పెట్టుకునే పిల్లలకి ఏ పిండి ఇవ్వాలి తల్లీ? మా మనవరాలు రెండున్నరేళ్లది.

బొబ్బిలి_అమ్మమ్మ

బాబూ, ఉండ్రాళ్లకి చేస్తామే, అలా. మరుగుతున్న నీళ్లలో బియ్యప్పిండి పోసి, కలియతిప్పి మూతపెట్టి మగ్గనివ్వాలి. చల్లారాక నూనె చేత్తో మర్దిస్తే సాగే ముద్ద వస్తుంది. పచ్చి బియ్యప్పిండికి చల్లనీళ్లు పోస్తే విరిగిపోతుంది, వేడి తగిలితేనే జిగురు పుడుతుంది. ఉప్పు వేయకు. పసుపు వేస్తే పసుపు ముద్ద, బీట్‌రూట్ నీళ్లు పోస్తే గులాబి ముద్ద. నోట్లో పెట్టుకున్నా ఉడికిన పిండే. ఏ రోజుది ఆ రోజే, మర్నాటికి పులిసిపోతుంది.

మా వైపు చోడి (రాగి) పిండి ఎక్కువ కదా, దాంతోనూ చేయవచ్చు. అది ఒట్టిది చేస్తే పగిలిపోతుంది. సగం బియ్యప్పిండి కలిపి ఉడికించు. మట్టి రంగు వస్తుంది, ఎద్దులకీ ఏనుగులకీ అచ్చం సరిపోతుంది.

సైన్స్_మాస్టారు (నెల్లిమర్ల)

రంగుల గురించి నేను చెబుతాను. మన వంటింటి రంగులతో బొమ్మ వేస్తుంటే పిల్లలు ఆశ్చర్యపోయే సంగతి ఒకటి ఉంది. కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. వంట సోడా నీళ్లలో కలిపి, ఇయర్‌బడ్ ముంచి ఆ కాగితం మీద గీయమనండి. గీసిన చోట ఇటుక ఎరుపు వస్తుంది. తర్వాత నిమ్మరసం అద్దితే ఆ ఎరుపు పోయి మళ్లీ పసుపు. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మామూలు అవుతుంది. పారాణి ఎర్రగా ఉండేది కూడా ఇందుకే, అందులో పసుపుకి సున్నం తోడవుతుంది. పిల్లల పనిలో మాత్రం సున్నం వద్దు. కంట్లో పడితే కన్ను పాడవుతుంది. సోడాతోనే చేయండి. నిమ్మచెక్క పిండడం, ఇయర్‌బడ్‌ని మూడు వేళ్లతో పట్టుకోవడం, రెండూ మీరు అడిగిన సాధనే.

శంఖుపుష్పాలు వేడినీళ్లలో వేస్తే నీలం. నిమ్మరసం పడితే ఊదా, ఇంకా వేస్తే గులాబి. బచ్చలి పళ్లు నలిపితే ముదురు ఊదా సిరా, మా చిన్నప్పుడు అదే మా ఇంకు. కాఫీ డికాషన్‌తో గోధుమ రంగు. బీట్‌రూట్, బచ్చలి రంగులు ఎండకి వెలిసిపోతాయి, గోడకి పెట్టాలంటే నీడలో పెట్టండి. బట్టల మీద పసుపు మరక పడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి, చాలావరకు పోతుంది. బజారు కుంకుమ వాడకండి, చాలా వాటిలో కృత్రిమ రంగులు కలుస్తాయి.

బ్రష్ కొనక్కర్లేదు. వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసుకోవచ్చు. సీతంపేట వైపు (2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం) సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వేస్తారు. మనుషులు, ఏనుగులు, చెట్లు, అన్నీ సన్నటి గీతలే. అవి వాళ్ల పూజలో భాగం, కాబట్టి చూసి నకలు తీయమని పిల్లలకి చెప్పను. ఆ పద్ధతి మాత్రం చూపిస్తాను. గోధుమరంగు అట్ట, జారుగా కలిపిన బియ్యప్పిండి, ఒక పుల్ల ఇచ్చి "మీ ఇల్లూ మీ ఊరూ వేయండి" అంటాను. మా స్కూల్లో ఐదేళ్ల వాళ్లు కూడా చాలాసేపు కదలకుండా కూర్చుంటారు.

పొందూరు_కోడలు

ఇప్పటిదాకా ఎవరూ దూది ఊసు ఎత్తలేదే! మా ఊళ్లో ఖద్దరు పని చేసే ఇళ్లలో వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, శుభ్రం చేసి సన్నటి నూలు వడుకుతారు. ఆ ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది, పోగు తెగకుండా ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్లకే తెలుసు. పిల్లలకి అంత పని వద్దు గానీ, దీపం వత్తులు చేయడం నేర్పవచ్చు. దూది కొంచెం లాగి, అరచేతిలో పొడుగ్గా దొర్లించి, చివర్లు వేళ్లతో మెలిపెట్టాలి. వేళ్లు జారకుండా మేము కాస్త విభూతి అద్దుకుంటాం. కార్తీక మాసంలో 365 వత్తులు కావాలి కదా, ఇంటిల్లిపాదీ కూర్చుంటాం, పిల్లలూ కూర్చుంటారు. వంకరగా వచ్చిన వత్తులన్నీ మా పాప గొర్రెపిల్ల బొమ్మకి బొచ్చుగా అతికించింది.

అతికించడానికి గమ్ము కూడా ఇంట్లోనే చేస్తాను. ఒక చెంచా మైదాని నాలుగైదు చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద చిక్కబడే దాకా తిప్పితే చాలు. చల్లారాక వాడాలి, రెండు రోజులు ఉంటుంది. పోస్టర్ల గమ్ములో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఇంట్లో గమ్ములో ఎవరూ కలపకండి.

గంటస్తంభం_బాబాయ్ (విజయనగరం)

ఇంకొక్కటి అడుగుతాను. మా మనవరాలు ఎడమచేత్తో తీసుకుంటోంది అన్నీ. మా ఇంటావిడ కుడిచేతికి మారుస్తోంది. మార్చవచ్చా?

ఓటీ_విజయనగరం

మార్చకండి బాబాయ్ గారూ. రెండున్నరేళ్లకి ఏ చెయ్యి వాటమో ఇంకా పూర్తిగా తేలదు. చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య స్థిరపడుతుంది. వస్తువు మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీసుకుంటే ఆ చేత్తో. ఎడమ వాటమే అయితే అది మెదడులో ఉన్న ఏర్పాటు. బలవంతంగా మారిస్తే రాత కష్టమవుతుంది, పిల్లకి భయం పడుతుంది. అన్నం కుడిచేత్తో తినాలన్నది మీ ఇంటి పద్ధతి అయితే అది మెల్లగా నేర్చుకుంటుంది. రాతా బొమ్మా మాత్రం తన ఇష్టం.

నాగావళి_అమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్. మా అత్తగారికి అమ్మమ్మగారి పోస్టు చదివి వినిపించాను. "ముగ్గు నేర్పడానికి ఫోను కావాలా" అని కోప్పడ్డారు గానీ మర్నాడు పొద్దున్నే బాబుని లేపి వాకిట్లో కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు వాడు చుక్కలు పెడుతున్నాడు, ఒక్కోసారి గుప్పెడు పిండి కుప్పగా పోస్తాడు. ఆవిడే సర్దుతున్నారు. చిక్కుడుకాయలు కూడా వాడే వలుస్తున్నాడు.

కానీ స్కూలు వాళ్ల పేజీ సంగతి అలాగే ఉంది. టీచర్ గారితో ఎలా మాట్లాడాలి? గొడవ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అంగన్‌వాడీ_టీచర్ (చీపురుపల్లి వైపు)

గొడవ అవసరం లేదమ్మా. ఆ టీచర్ మీద కూడా తల్లిదండ్రుల ఒత్తిడి ఉంటుంది, "మా వాడి నోట్సు ఎందుకు ఖాళీగా ఉంది" అని అడిగేవాళ్లే ఎక్కువ. జాతీయ విద్యా విధానం 2020లో వచ్చింది. దాన్ని బట్టి 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకి 2022లో పాఠ్యప్రణాళిక చట్రం ఇచ్చారు. ఆటల ద్వారా, చేతి పనుల ద్వారా నేర్పమనే అందులో ఉంది. కావాలంటే మర్యాదగా ఆ మాట గుర్తు చేయండి. "పేజీ బదులు రెండు వరుసలు రాయిస్తాను, మిగతా సమయం ఇంట్లో వేళ్ల పని చేయిస్తున్నాను" అని చెప్పి, వాడు చేసిన బొమ్మ ఒకటి చేతిలో పెట్టి చూపించండి. చూస్తే ఆ టీచర్‌కీ అర్థమవుతుంది.

ఓటీ_విజయనగరం

నేనూ అదే అంటాను. దానికి తోడు ఇది గమనించండి. ఈ పనులన్నీ కొన్ని నెలలు చేయించినా ఐదేళ్లు దాటాక గుప్పిటి పట్టే ఉండిపోతే, ఒక చెయ్యి అస్సలు వాడకపోతే, చేతులు బిగుసుకుపోయినట్టు గానీ మరీ వదులుగా గానీ అనిపిస్తే, ఇంతకుముందు వచ్చిన పని ఇప్పుడు చేయలేకపోతే, చూపించాల్సిందే. చూపు కూడా పరీక్ష చేయించండి, కళ్లు సరిగా కనపడక గీత తప్పే పిల్లలు ఉంటారు. డబ్బు గురించి ఆలోచించి ఆగవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి పరీక్షలు ఉచితం. ఆ బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి రావాలి. మీ అంగన్‌వాడీలో గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి, ఎక్కడికి పంపాలో వాళ్లు చెబుతారు. బాబు చిక్కుడుకాయలు వలుస్తున్నాడంటే మాత్రం నాకు చాలా సంతోషంగా ఉంది.

పలాస_నాన్న

మా వాడు డ్రాపర్ వదలడం లేదు, టిష్యూ కాగితాలే అయిపోతున్నాయి. ఒక సందేహం. ఉప్పు పిండి ముద్ద చేశాను, రెండు గ్లాసుల మైదాకి ఒక గ్లాసు ఉప్పు, దాదాపు ఒక గ్లాసు నీళ్లు. బాగా వచ్చింది గానీ మర్నాటికి చెమట పట్టినట్టు తడిసి జిగటగా అయిపోయింది. ఎండబెట్టిన బొమ్మలు కూడా వానలు పడగానే మెత్తబడ్డాయి. ఏం చేయాలి?

పొందూరు_కోడలు

అన్నయ్యా, మనది సముద్రం పక్క ప్రాంతం, గాలిలో తేమ ఎక్కువ. ఉప్పు ఆ తేమని లాగేస్తుంది. ముద్దని గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టండి, తడి అయితే కాస్త మైదా అద్ది మళ్లీ పిసకండి. ఎక్కువ రోజులు కావాలంటే ఉడికించిన ముద్ద చేయండి. గ్లాసు మైదా, అర గ్లాసు ఉప్పు, గ్లాసు నీళ్లు, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక చెంచా నూనె అన్నీ కలిపి సన్నమంట మీద బాండీ అంచులు వదిలేదాకా తిప్పాలి. ఫ్రిజ్‌లో పెడితే వారం పైన వస్తుంది. నల్ల మచ్చ గానీ వాసన గానీ వస్తే పారేయండి. ఎండిన బొమ్మలకి రెండు వైపులా ఫెవికాల్ నీళ్లలో కలిపి పూత వేసి ఆరబెట్టండి, వానాకాలం తట్టుకుంటాయి. ఉప్పు ముద్ద కోళ్లకీ కుక్కలకీ పెట్టకండి, వాటికి ప్రమాదం.